బంతి విసరడం ఎవరు నేర్పాలి?

వ్యాయామోపాధ్యాయుల సేవను తలుచుకునే ఇలాంటి సభల్లో పతకాల గురించి, వాటిని గెలిచినవారి గురించి మాట్లాడటం రివాజు. నేను ఆటల్లో ఎన్నడూ పేరు తెచ్చుకోని పిల్లల గురించి మాట్లాడదలచుకున్నాను. అంటే దాదాపు పిల్లలందరి గురించీ. పరిగెత్తడం, గెంతడం, ఒంటికాలి మీద కుంటడం, విసరడం, పట్టడం, తన్నడం, తూలిపోకుండా నిలదొక్కుకోవడం అనే ఈ పనులు వయసు వచ్చేకొద్దీ వాటంతటవే వస్తాయని మనం నమ్ముతాం. అక్షరాలు నేర్పాలని తెలుసు, ఎక్కాలు నేర్పాలని తెలుసు, బంతి విసరడం నేర్పాలని మాత్రం ఎవరికీ తోచదు. ఒకప్పుడు ఆ పని వీధి చేసేది. ఇప్పుడు వీధి ఆ పని మానేసింది. కాబట్టి చిన్న తరగతుల్లోనే, ఆట రూపంలోనే, బడి దాన్ని తన బాధ్యతగా తీసుకోవాలన్నది నా వాదం.

కదలిక దానంతటదే వస్తుందన్న నమ్మకం వెనక ఒకప్పటి శాస్త్రం కూడా ఉంది. 1929లో అమెరికాలో ఆర్నాల్డ్ గెసెల్, హెలెన్ థాంప్సన్ కవల పాపల మీద చేసిన ప్రయోగాన్ని ప్రకటించారు. ఒక పాపకు ఆరు వారాల పాటు రోజూ మెట్లెక్కడంలో శిక్షణ ఇచ్చారు, రెండో పాపను వదిలేశారు. ఆ తర్వాత రెండో పాపకు రెండు వారాలు నేర్పితే చాలు, అక్కాచెల్లెళ్ళిద్దరూ ఇంచుమించు సమానమయ్యారు. శరీరం సిద్ధమయ్యేదాకా తొందరపడి లాభం లేదని, సిద్ధమయ్యాక ఆగదని గెసెల్ తేల్చాడు. ఈ తీర్పు చాలాకాలం చెల్లింది. అయితే మిర్టిల్ మెక్‌గ్రా 1935లో ప్రచురించిన అధ్యయనాన్ని దీని పక్కన పెట్టి చూస్తే కథ మారిపోతుంది. ఆమె జానీ, జిమ్మీ అనే కవలల్లో జానీకి పసితనం నుంచే రకరకాల కదలికల్లో అభ్యాసం ఇప్పించింది. కూర్చోవడంలో, నడవడంలో ఇద్దరికీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఈతలో, బాగా ఏటవాలుగా ఉన్న బల్లలు ఎక్కడంలో, చక్రాల బూట్ల మీద జారడంలో మాత్రం జానీ చాలా ముందుకు పోయాడు. అంటే మనిషి జాతికంతటికీ ఉమ్మడిగా ఉన్న కదలికలు కొన్ని ఉన్నాయి, అవి దాదాపు అందరికీ వస్తాయి. మిగిలినవి అవకాశం దొరికినవాళ్ళకే వస్తాయి. బంతి విసరడం, పట్టడం ఈ రెండో గుంపులోవి. మనం మొదటి గుంపును చూసి రెండో గుంపు గురించి కూడా ధీమాగా ఉంటున్నాం.

నిజానికి మొదటి గుంపు కూడా మనం అనుకున్నంత స్వయంచాలకం కాదు. పుట్టిన కొత్తలో బిడ్డను నిలబెట్టి పట్టుకుంటే అడుగులు వేస్తున్నట్టు కాళ్ళాడిస్తుంది. రెండు నెలలకల్లా అది ఆగిపోతుంది. మెదడు ఎదిగి ఆ ప్రతిచర్యను అణచివేస్తోందని పాఠ్యపుస్తకాలు చాలాకాలం చెప్పాయి. ఎస్తర్ థెలెన్, ఆమె సహచరులు 1984లో ఆ బిడ్డల్నే ఛాతీ దాకా నీళ్ళలో నిలబెట్టి చూశారు. అడుగులు మళ్ళీ మొదలయ్యాయి. మెదడులో ఏదీ చెరిగిపోలేదు, కాళ్ళకు కొవ్వు పట్టి బరువెక్కాయి, ఆ బరువును ఎత్తే కండ ఇంకా రాలేదు, అంతే. కదలిక అంటే మెదడులో ముందే రాసిపెట్టిన ఆజ్ఞ మాత్రమే కాదని, శరీరం బరువు, నేల, చుట్టూ ఉన్న వస్తువులు అన్నీ కలిసి దాన్ని తయారుచేస్తాయని అప్పటినుంచి గట్టిగా చెప్పగలుగుతున్నాం. కెన్యాలోని కిప్సిగిస్ తల్లులు పిల్లలకు కూర్చోవడం, నడవడం పనిగట్టుకుని నేర్పుతారు. అక్కడి పిల్లలు ఆ రెంటిలోనూ అమెరికా పిల్లలకంటే సుమారు నెల ముందుంటారనీ, తల్లులు నేర్పని పాకడంలో ఆ ముందంజ లేదనీ చార్లెస్ సూపర్ 1976లో చూపించాడు. ఇక నడక ఎంత సాధనతో వస్తుందో తెలుసుకోవాలంటే కారెన్ ఆడాల్ఫ్ బృందం 2012లో చేసిన లెక్క చూడాలి. ఏడాది నుంచి ఏడాదిన్నర వయసు పిల్లలు స్వేచ్ఛగా ఆడుకుంటున్నప్పుడు సగటున గంటకు 2,368 అడుగులు వేశారు, 17 సార్లు పడ్డారు. ఆ అడుగులు ఒకే తీరుగా, ఒకే దిక్కుగా వేసినవి కావు. ఆగి, దారి మార్చి, ఎక్కి దిగి వేసినవి. ఇంత సాధన చేస్తున్న బిడ్డను నాలుగు చక్రాల వాకర్‌లో కూర్చోబెడితే ఏమవుతుందో కూడా పరిశోధించారు. వాకర్లలో పెరిగిన పిల్లలు కూర్చోవడం, పాకడం, నడవడం అన్నీ ఆలస్యంగా చేశారని 1999లో వెలువడిన అధ్యయనం తేల్చింది. కెనడా 2004లో వాటి అమ్మకాన్ని నిషేధించింది, అది ప్రధానంగా ప్రమాదాల కారణంగా. మన ఇళ్ళలో ఉండే కర్రతో చేసిన మూడు చక్రాల బండి వేరు. దాన్ని పట్టుకుని బిడ్డ తన బరువు తానే మోస్తుంది, తన పాదాలు తానే చూసుకుంటుంది.

ఇప్పుడు మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఉన్న కాలానికి వద్దాం. నా దృష్టిలో అసలు విషయం ఇక్కడే ఉంది. ఈ వయసులో పిల్లలు తమ సామర్థ్యాన్ని ఎక్కువగా అంచనా వేసుకుంటారు. బంతి పది సార్లు జారిపోయినా పదకొండోసారి చేతులు చాపుతారు. తమకు రాదన్న సంగతి వాళ్ళకింకా తెలియదు. ఏడెనిమిదేళ్ళు దాటాక పక్కవాడితో పోల్చుకోవడం వస్తుంది, తనకేది వచ్చో ఏది రాదో కచ్చితంగా తెలుస్తుంది. అప్పటికి విసరడం, పట్టడం వచ్చినవాళ్ళు జట్టులోకి వెళతారు, ఆడేకొద్దీ ఇంకా నేర్చుకుంటారు. రానివాళ్ళు గట్టు మీద కూర్చుంటారు, కూర్చునేకొద్దీ ఇంకా వెనకబడతారు. 2008లో డేవిడ్ స్టాడెన్, ఆయన సహచరులు ఈ రెండు దారుల్నీ ఒక సిద్ధాంతంగా కూర్చారు. ఆస్ట్రేలియాలో లిసా బార్నెట్ బృందం ప్రాథమిక బడి పిల్లల్ని పరీక్షించి, కౌమారంలోకి వచ్చాక మళ్ళీ చూసింది. చిన్నప్పుడు విసరడం, పట్టడం, తన్నడం బాగా వచ్చినవాళ్ళే ఆ వయసులో ఎక్కువ చురుగ్గా ఉన్నట్టు తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులు 146 దేశాల సమాచారం కూర్చి, 2016లో 11 నుంచి 17 ఏళ్ళ వయసువాళ్ళలో 81 శాతం మంది రోజుకు గంట శారీరక శ్రమ కూడా చేయడం లేదని చెప్పినప్పుడు అందరూ ఫోన్లను తిట్టారు. ఫోన్ల పాత్ర నేను కాదనను. కానీ బంతి పట్టడం రాని పదమూడేళ్ళ పిల్లను మైదానంలోకి పొమ్మంటే ఆమె అక్కడికెళ్ళి ఏం చేయాలి? నవ్వులపాలు కావడానికి ఎవరు పోతారు?

మన పాత ఆటల్ని నేను మెచ్చుకునేది పాతవి కాబట్టి కాదు. వాటి కట్టుబాటులో ఉన్న బోధన చూసి. తొక్కుడుబిళ్ళ తీసుకోండి. గీసిన గడుల్లో బిళ్ళ వేయాలి, అంటే గురి, చేతి బలం మీద అదుపు. ఒంటికాలి మీద కుంటుతూ పోవాలి, గీత తొక్కకూడదు. కుంటుతూనే వంగి బిళ్ళ తీయాలి, లేదా పాదంతో దాన్ని తోయాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఒక గడి పూర్తయితే బిళ్ళ తర్వాతి గడిలో పడాలి. ప్రతిసారీ దూరం మారుతుంది. ఈ మార్పులోనే నేర్పు పుడుతుంది. 1978లో కెర్, బూత్ అనే ఇద్దరు పరిశోధకులు ఎనిమిదేళ్ళ పిల్లల చేత చిన్న గింజల సంచుల్ని గురి చూసి విసిరించారు. ఒక గుంపు మూడడుగుల దూరం నుంచే సాధన చేసింది. ఇంకో గుంపు రెండడుగులు, నాలుగడుగుల దూరాల నుంచి చేసింది, మూడడుగుల దూరం వాళ్ళకు సాధనలో తగలనే లేదు. చివర మూడడుగుల దూరంలో పరీక్ష పెడితే రెండో గుంపే బాగా విసిరింది. ఒకే పనిని ఒకే తీరుగా వల్లె వేయించడం కంటే మార్చి మార్చి చేయించడం మేలని దీని సారాంశం. సోవియట్ శాస్త్రవేత్త నికొలాయ్ బెర్న్‌స్టీన్ 1920ల్లోనే సుత్తితో ఉలిని కొట్టే పనివాళ్ళను చిత్రీకరించి దీని మూలాన్ని చూశాడు. సుత్తి తల ఇంచుమించు ఒకేచోట పడుతున్నా, భుజం, మోచేయి, మణికట్టు ప్రతి దెబ్బకూ కొంచెం కొంచెం వేరుగా కదులుతున్నాయి. నేర్పరి అయినవాడు ఒక కదలికను కంఠస్థం చేయడు, ప్రతిసారీ సమస్యను కొత్తగా పరిష్కరిస్తాడు. గోళీలాటలో, ఏడు పెంకులాటలో, కోస్తాలో బిళ్ళంగోడు అనీ తెలంగాణలో చిర్రగోనె అనీ ఆడే ఆటలో ఏ రెండు దెబ్బలూ ఒకలా ఉండవు. ఏడు పెంకులాట అయితే గురి చూసి విసరడం, ఎదుటివాడి బంతిని తప్పించుకుంటూ పరిగెత్తడం, ఆ హడావుడిలో చేతులు వణక్కుండా పెంకులు పేర్చడం మూడింటినీ ఒకే నిమిషంలో అడుగుతుంది. ఏ పాఠ్యప్రణాళికా సంఘం ఇంతకంటే మంచి అభ్యాసం రూపొందించలేదని నా అభిప్రాయం.

ఇక్కడ బలమైన అభ్యంతరం ఒకటి ఎదురవుతుంది. ఆటలు అంత గొప్పవైతే బడి ఎందుకు, పిల్లల్ని వాళ్ళ మానాన వదిలేస్తే చాలు కదా అని. పిల్లల స్వేచ్ఛను గౌరవించేవాళ్ళే ఈ మాట అంటారు కాబట్టి దీనికి జాగ్రత్తగా జవాబు చెప్పాలి. స్వేచ్ఛగా ఆడుకోవడం పిల్లలకు తప్పకుండా ఉండాలి, అది వాళ్ళ హక్కు. కానీ కదలిక నైపుణ్యం విషయంలో అదొక్కటే చాలడం లేదు. 2012లో లోగన్, ఆయన తోటి పరిశోధకులు అప్పటికి వచ్చిన ప్రయోగాల్ని కలిపి బేరీజు వేస్తే, పద్ధతిగా నేర్పిన గుంపుల్లో నైపుణ్యం పెరిగింది, ఊరికే ఆడుకోనిచ్చిన గుంపుల్లో చెప్పుకోదగ్గ పెరుగుదల లేదు. మరి మన ముందుతరాలు ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్నాయి కదా? అదే పొరపాటు. వాళ్ళకు నేర్పినవాళ్ళున్నారు, వాళ్ళు జీతం లేని గురువులు. వీధిలో ఐదేళ్ళవాడూ పన్నెండేళ్ళవాడూ కలిసి ఆడేవారు. పెద్దపిల్లలు బిళ్ళ ఎలా పట్టాలో చూపించేవారు, బొంగరానికి తాడు చుట్టిచ్చేవారు, చిన్నవాళ్ళ కోసం గీత దగ్గరికి జరిపేవారు. మరీ పసివాణ్ణి ఆటలో అరటిపండుగా చేర్చుకునేవారు. వాడు ఔటవడు, వాడి వల్ల జట్టు ఓడిపోదు, కానీ వాడూ అందరితో పాటే పరిగెత్తుతాడు, అందరి కదలికా దగ్గరుండి చూస్తాడు. తప్పుకు శిక్ష లేని చోట నేర్చుకునే ఏర్పాటు అది. ఇప్పుడు బడిలో ఒకే వయసువాళ్ళు ఒకే గదిలో ఉంటారు, బడి అయ్యాక ట్యూషన్‌లోనూ అంతే, అపార్ట్‌మెంట్ పార్కింగులో కార్ల మధ్య ఇద్దరో ముగ్గురో దొరుకుతారు. వీళ్ళను వదిలేస్తే వదిలేసినట్టే ఉంటారు. పాత వీధిలోని పెద్దపిల్లల స్థానాన్ని ఎవరో ఒకరు పూరించాలి.

అయితే పూరించడమంటే ఈలలు, వరసలు, ఒకటి రెండు అంటూ చేతులెత్తి దించడమేనా? మన బడుల్లో వ్యాయామం చాలాకాలం ఆ కవాతు రూపంలోనే నడిచింది. 1920లో మద్రాసులో హ్యారీ బక్ వై.ఎం.సి.ఎ. వ్యాయామ శిక్షణ సంస్థ మొదలుపెట్టాక ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో ఆటలకు శిక్షణ పొందిన ఉపాధ్యాయులు వచ్చారు, వారి కృషి చిన్నది కాదు. అయినా జనం నోట వ్యాయామోపాధ్యాయుడు డ్రిల్లు మాస్టారుగానే మిగిలాడు. కవాతు క్రమశిక్షణ నేర్పవచ్చు, విసరడం నేర్పదు. ఏ తరహా బోధన కావాలో చూపే ప్రయోగం ఒకటి అమెరికాలో పేద కుటుంబాల పిల్లల బడుల్లో జరిగింది. లియా రాబిన్సన్, జాక్వెలిన్ గుడ్‌వే 2009లో దాన్ని ప్రకటించారు. ఒక గుంపుకు ఉపాధ్యాయురాలు ఏం చేయాలో, ఎంతసేపు చేయాలో అన్నీ చెప్పింది. రెండో గుంపుకు రకరకాల బంతులు, లక్ష్యాలు, దూరాలు ఏర్పాటుచేసి, ఎంపిక పిల్లలకే వదిలి, పక్కన ఉండి సరిదిద్దింది. మూడో గుంపు మామూలుగా ఆడుకుంది. తొమ్మిది వారాల తర్వాత మొదటి రెండు గుంపులకూ నైపుణ్యం పెరిగింది, మూడోదానికి పెరగలేదు. అయితే తమకు చేతనవుతుందన్న నమ్మకం పెరిగింది రెండో గుంపుకే. పాత వీధిలో జరిగింది దాదాపు ఈ రెండో పద్ధతే.

చదువు పాడవుతుందన్న భయం తల్లిదండ్రులది, దాన్ని తీసిపారేయకూడదు. పోటీ పరీక్షల మీద పిల్లల బతుకు ఆధారపడిన సమాజంలో ఆ భయానికి కారణముంది. కెనడాలోని త్ర్వా రివియేర్‌లో 1970లలో ప్రాథమిక బడి పిల్లలకు రోజుకు గంట చొప్పున వ్యాయామ సమయం పెంచి, ఆ మేరకు పాఠాల సమయం తగ్గించి, ఏళ్ళ తరబడి గమనించారు. వాళ్ళ చదువు వెనకబడలేదు. నేను ఇంతవరకే చెబుతాను. ఆటలాడితే మార్కులు పెరుగుతాయని, చేతులు అడ్డంగా తిప్పితే మెదడు రెండు భాగాలూ కలిసి పనిచేసి తెలివి పెరుగుతుందని చెప్పి ఖరీదైన కార్యక్రమాలు అమ్మేవాళ్ళున్నారు. ఆ మాటలకు నమ్మదగిన ఆధారం లేదు. అలాంటి వాగ్దానాలు మన వాదానికి చేటు చేస్తాయి. రేపు మార్కులు పెరగకపోతే ఆట గంట తీసేస్తారు. తెలుగు వాచకం లెక్కల మార్కులు పెంచుతుందా అని మనం అడగం. కదలడం రావడం కూడా దానంతటదే ఒక విద్య.

స్థలం లేదన్న మాట ఇంకొకటి. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని రాసి ఉంది. దాన్ని అమలు చేయాలని అడగడం మన బాధ్యత. అపార్ట్‌మెంటు అంతస్తుల్లో నడిచే బడికి అనుమతి ఎలా వచ్చిందని నిలదీయడం కూడా. కానీ ఆటస్థలం వచ్చేదాకా ఆరేళ్ళ పిల్ల ఆరేళ్ళ దగ్గరే ఆగదు. తొక్కుడుబిళ్ళకు కావలసింది ఒక వరండా, ఒక సుద్దముక్క. గుడ్డలు చుట్టి చేసిన బంతి గోడకు కొట్టి పట్టడానికి రెండు గజాలు చాలు. స్థలం కంటే పెద్ద లోటు మనిషిది. అదే చట్టం ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా, అదీ వందకు మించి పిల్లలున్న బడుల్లో, ఆరోగ్య వ్యాయామ విద్యకు పార్ట్‌టైం బోధకుణ్ణి పెట్టమంది. ఒకటి నుంచి ఐదు తరగతులకు అలాంటి మనిషి ఊసే లేదు. మన రాష్ట్రాల్లో కూడా వ్యాయామోపాధ్యాయుల పోస్టులు ప్రధానంగా పై తరగతులవే. నేర్చుకునే ఈడు అయిపోయాక గురువు వస్తున్నాడు. అంగన్‌వాడీ కార్యకర్తకూ, ఒకటో తరగతి టీచరుకూ ఈ నేర్పు ఇవ్వకుండా ఉన్నత పాఠశాలలో ఎంతమంది వ్యాయామోపాధ్యాయులను నియమించినా, వాళ్ళకు అప్పటికే ఆడటం వచ్చిన పిల్లల్ని ఏరుకోవడమే పని అవుతుంది.

కొందరు తల్లిదండ్రులు ఈ లోటును అకాడమీలతో తీర్చుకుంటున్నారు. 2012లో లండన్‌లో సైనా, 2016లో రియోలోనూ తర్వాత టోక్యోలోనూ సింధు పతకాలు తెచ్చాక హైదరాబాదులో ఐదారేళ్ళ పిల్లల్ని బ్యాడ్మింటన్‌లో చేర్చడం మామూలైంది. ఆ ఉత్సాహం మంచిదే. కానీ ఒక్క ఆటకే, ఒక్క చేతికే, ఏడాది పొడవునా కట్టుబడిపోవడం ఎదిగే శరీరానికి మంచిది కాదు. ఒకే ఆటను ఎంచుకోవడం పదిహేను, పదహారేళ్ళ దాకా వాయిదా వేయమని అమెరికా శిశువైద్యుల సంఘం 2016లో సూచించింది. పైగా ఫీజు కట్టగలిగినవాళ్ళకే కదలిక నేర్పే ఏర్పాటును పరిష్కారం అనలేం.

ఆడపిల్లల సంగతి వేరుగా చెప్పాలి. విసరడం, తన్నడం వంటి వాటిలో మగపిల్లలు ముందుంటారని దేశదేశాల అధ్యయనాల్లో కనిపిస్తుంది. శరీర నిర్మాణపు తేడా చిన్న తరగతుల వయసులో అంత ఎక్కువ ఉండదు. తేడాకు ఒక ముఖ్య కారణం ఎవరి చేతికి బంతి ఇస్తున్నామన్న దగ్గరుంది. మన ఊళ్ళలో కూడా బిళ్ళంగోడు మగపిల్లలకు, అచ్చనగాయలు ఆడపిల్లలకు అని పంచేశాం. అచ్చనగాయల్లో కంటికీ చేతికీ కుదిరే పొందిక తక్కువదేమీ కాదు, కాకపోతే అది కూర్చున్న చోట ఆడేది. ఒకటో తరగతిలోనే ఈ పంపకం చెరిపేసి ఇద్దరి చేతా రెండూ ఆడించడం టీచరు చేతిలో ఉన్న పని, దానికి బడ్జెట్టు అక్కర్లేదు.

చివరగా, ఏ తరగతిలోనైనా ఒకరిద్దరు పిల్లలుంటారు. గుండీలు పెట్టుకోలేరు, నడుస్తూ నడుస్తూ బల్లకు తగులుతారు, అక్షరాలు గీత దాటిపోతాయి, బంతి మొహానికి తగులుతుంది. తెలివికి లోటుండదు. బడి ఈడు పిల్లల్లో సుమారు 5 నుంచి 6 శాతం మందికి కదలికల సమన్వయంలో ఇలాంటి ఎదుగుదల సమస్య ఉంటుందని వైద్యుల అంచనా. మన బడుల్లో వీళ్ళకు దొరికేది మొద్దు, బద్ధకం అనే పేర్లు, దస్తూరికి దెబ్బలు. కావలసిన పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి ఓపికగా సాధన చేయిస్తే వీళ్ళు మెరుగుపడతారు. తీవ్రంగా ఉంటే ఆక్యుపేషనల్ థెరపిస్టు సాయం చేయగలరు. కానీ ముందు ఎవరో ఒకరు గమనించాలి. ఐదేళ్ళ పిల్ల ఒంటికాలి మీద కాసేపు నిలబడగలదా, దగ్గర నుంచి నెమ్మదిగా వేసిన పెద్ద బంతిని రెండు చేతులా పట్టగలదా, విసిరేటప్పుడు ఏ కాలు ముందుకు వేస్తోంది, ఒళ్ళు తిరుగుతోందా లేక చెయ్యి ఒక్కటే కదులుతోందా అని చూడటం ఉపాధ్యాయ శిక్షణలో కొద్ది వారాల్లో నేర్పగలిగిన విషయం. డి.ఎల్.ఎడ్. పాఠ్యప్రణాళికలో ఆ కొద్ది వారాలు చేర్చి, ఒకటి రెండు తరగతుల్లో రోజుకు అరగంట కేటాయించి, ఏడాదికి రెండుసార్లు ప్రతి బిడ్డ కదలికనూ అక్షరాలను చూసినంత శ్రద్ధగా చూసి నమోదు చేయాలని ఈ సభ తరఫున రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలకూ విన్నవిస్తున్నాను.